ఎం.సి.బి. ఉందన్న ధీమా: ఇంటి కరెంటుపై కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎం.సి.బి. ఉంది కాబట్టి షాక్ కొట్టదు.

వైరింగు పనికి వెళ్లిన చోటల్లా ఈ మాట వినిపిస్తుంది. ఎం.సి.బి. అంటే బోర్డులో దానంతటదే పడిపోయి కరెంటు ఆపే స్విచ్. అది కాపాడేది వైరును, మనిషిని కాదు. లోడు పెరిగినా, షార్టు అయినా అది పడిపోతుంది. తడి చేత్తో 230 వోల్టుల ఫేజు తీగను తాకితే ఒంట్లోంచి సుమారు 200 మిల్లీ ఆంపియర్లు పోవచ్చు. గుండె లయ తప్పడానికి అందులో సగం చాలు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది లెక్కలోకే రాదు. పాత సీలింగు ఫ్యాను అంతకన్నా ఎక్కువ లాగుతుంది.

మనిషి కోసం పెట్టేది ఆర్.సి.సి.బి. అనే మరో స్విచ్. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే క్షణంలో సరఫరా ఆపేస్తుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని పీకేయమనేవాళ్లున్నారు. పీకాల్సింది దాన్ని కాదు, లీకవుతున్న గీజరునో మోటారునో. అయితే ఫేజును, న్యూట్రల్‌ను రెండు చేతులతో పట్టుకుంటే ఆర్.సి.సి.బి. కూడా ఏమీ చేయలేదు.

అపోహ: ఎర్తింగు లేకపోతే మూడో పిన్నుకు న్యూట్రల్ కలిపితే సరి.

మా పనివాళ్లలోనే కొందరు చేసే దారుణం ఇది. ఆ న్యూట్రల్ ఎక్కడో ఊడిన రోజున ఫ్రిజ్ తలుపు మీదికే 230 వోల్టులు వస్తాయి.

అపోహ: స్విచ్ ఆపాక హోల్డరును ముట్టుకోవచ్చు.

స్విచ్‌ను న్యూట్రల్ మీద వేసిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ బల్బు ఆరినా హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. మెయిన్ ఆపండి. టెస్టరు వెలగలేదని నమ్మే ముందు, అది అసలు పనిచేస్తోందో లేదో కరెంటున్న మరో చోట చూసుకోండి.

అపోహ: సర్వీసు వైరుకు తొడుగుంది, పక్కన ఇనుప తీగతో దండెం కడితే ఏమీ కాదు.

ఎండకు పెళుసెక్కి, గాలికి ఆ ఇనుప తీగతో రాసుకుని, ఆ తొడుగు ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. దండెం మొత్తానికి కరెంటు వస్తుంది. తడి చీర ఆరేయబోయినవారు అంటుకుపోతారు, లాగబోయినవారూ అక్కడే పడిపోతారు. పెరట్లో జరిగే ప్రమాదాల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. నైలాన్ తాడు కట్టండి, అదీ వైరుకు దూరంగా. ఎవరైనా అంటుకుంటే ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో విడదీయాలి, చేత్తో కాదు.

అపోహ: కాళ్లకు చెప్పులున్నాయి, దోటి తీగకు తగిలినా పర్వాలేదు.

డాబా పక్కనుంచి పోయే 11 కె.వి. (11 వేల వోల్టుల) లైన్లకు సాధారణంగా తొడుగే ఉండదు. ఇనుప దోటి, అల్యూమినియం నిచ్చెన, సెంట్రింగు ఊచ వాటికి ఆనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది. హవాయి చెప్పులు దాన్ని ఆపలేవు. భవనానికీ ఆ లైనుకూ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఖాళీ ఉండాలన్నది నియమం. అంత లేకపోయినా, లైను పక్కన కొమ్మ కొట్టాల్సి వచ్చినా, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టండి.