కారు కిందికి దించాక బుష్‌లు ఎందుకు చీలుతున్నాయి? అపోహలు - వాస్తవాలు

కర్నూలులో కుర్రాళ్లకు కారు కిందికి దించే, అంటే పొట్టి స్ప్రింగులతో బండి ఎత్తు తగ్గించే సరదా బాగా పెరిగింది. చూడ్డానికి బండి అందంగానే ఉంటుంది, కాదనను. కొన్నాళ్లకు కింద టకటక మొదలవుతుంది. లింక్ రాడ్ మారుస్తారు, బాల్ జాయింట్ మారుస్తారు, శబ్దం మాత్రం పోదు. చాలాసార్లు తప్పు చీలిన బుష్‌లలో, అంటే సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కల్లో ఉంటుంది. సస్పెన్షన్ పని చేసేవాడిగా రోజూ నా చెవిన పడే మాటలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: "అన్నా, స్ప్రింగు ఒక చుట్టు కోసేస్తే చాలు గదా, కొత్తవి ఎందుకు?"

వాస్తవం: కోస్తే స్ప్రింగు పొట్టిదవడంతో పాటు గట్టిదీ అవుతుంది. షాక్ అబ్జార్బర్ మాత్రం పాత స్ప్రింగుకు తగ్గట్టు చేసినది. ఆ కొత్త ఊపును అది ఆపలేకపోతుంది, గుంత దాటాక బండి ఎగిరెగిరి పడుతుంది. పైగా కంపెనీ స్ప్రింగు కొస సీటులో ఇమిడేలా మలిచి ఉంటుంది, కోసిన కొస అలా కూర్చోదు. గ్యాస్‌తో కోస్తే, లేదా వేడి చేసి కుంగదీస్తే ఉక్కు టెంపర్ పోతుంది. ఆ తర్వాత అది ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఎవరు అడిగినా నేను ఈ పని చేయను.

అపోహ: "లోయర్ ఆర్మ్ బుష్‌లు కొత్తవి వేయించినా చీలిపోయాయి. డూప్లికేట్ సరుకు అంటగట్టారు."

వాస్తవం: డూప్లికేట్ సరుకు ఉండొచ్చు. కానీ ఎక్కువ బండ్లలో తప్పు బిగించిన తీరులో ఉంటుంది.

లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండి అడుగుకు కలిపే చేయి, దాని కీలు దగ్గర ఉండేది బుష్. బుష్ మధ్యలో ఇనుప గొట్టం, బయట ఇనుప రింగు, రెండింటికీ అతుక్కుని రబ్బరు ఉంటాయి. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు బుష్ గిర్రున తిరగదు, లోపలి రబ్బరే మెలిపడి మళ్లీ వెనక్కి వస్తుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా పట్టేస్తుంది. ఆ క్షణంలో ఆర్మ్ ఏ వాలులో ఉందో అదే రబ్బరుకు సహజ స్థితి. కంపెనీ దాన్ని మామూలు ఎత్తుకు బిగించి పంపుతుంది. మీరు బండిని 40 మిల్లీమీటర్లు దించి ఆ బోల్టు ముట్టుకోలేదనుకోండి, బండి ఇంటి ముందు ఊరికే ఆగి ఉన్నా రబ్బరు పిండిన బట్టలా మెలితిరిగే ఉంటుంది. గుంతలో పడితే ఇంకా మెలిపడుతుంది. రబ్బరును గట్టిపరచడానికి మన ఎండలు ఎలాగూ ఉన్నాయి.

కొత్త బుష్ వేసేటప్పుడు చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టు బిగించేస్తే, దించిన బండిలో ఆ మెలి మరీ ఎక్కువ. అందుకే బండి లేపకముందే టేపు పెట్టి చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచి రాసుకోవాలి. బుష్ వేశాక బోల్టు వదులుగా ఉంచి, ఆర్మ్ చివర జాకీ పెట్టి, టేపులో అదే కొలత వచ్చేదాకా లేపాలి. అప్పుడు బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. వెనక చక్రాలను కలిపే బీమ్ బుష్‌లకూ ఇదే పద్ధతి. అసలు దించని బండికైనా ఇంతే, చాలాచోట్ల తొందరలో వదిలేస్తున్నారు.

అపోహ: "కిందికి దిగితే మలుపుల్లో బండి రోడ్డుకు అతుక్కుంటుంది."

వాస్తవం: బండి బరువు కేంద్రం కిందికి దిగే మాట నిజమే. కానీ ముందు స్ట్రట్ (షాక్, స్ప్రింగు కలిసి ఉండే నిలువు భాగం) ఉండే మన హ్యాచ్‌బ్యాకుల్లో ఆర్మ్ బయటి కొస లోపలి కొస కన్నా పైకి లేస్తే, రోల్ సెంటర్, అంటే మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బరువు కేంద్రం దిగినదాని కన్నా ఎక్కువ దిగిపోతుంది. అంటే రెండింటి మధ్య దూరం పెరిగి, ఒరిగే గుణం పెరుగుతుంది. స్ప్రింగులు గట్టివి కాబట్టి అది తెలియకుండా పోతుంది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ వాలు కూడా మారుతుంది. 44వ నంబరు హైవే మీద వేగంగా పోతూ గుంత దాటినప్పుడు, స్టీరింగ్ తిప్పకుండానే బండి పక్కకు లాగేది అందుకే.

అపోహ: "టైరు లోపలి వైపు అరిగితే అది క్యాంబరే, దించిన బండికి మామూలే."

వాస్తవం: క్యాంబర్ అంటే చక్రం నిలువుగా కాక పక్కకు వాలడం, టో అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. టైరును త్వరగా తినేది టో. అరచేత్తో టైరును ఒకసారి లోపలి నుంచి బయటికి, ఒకసారి బయటి నుంచి లోపలికి నిమిరి చూడండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుకుగా తగిలితే టో తప్పినట్టే. దించిన రోజు అలైన్‌మెంట్ చేయిస్తే అయిపోదు. కొత్త స్ప్రింగులు కాస్త కూర్చున్నాక మళ్లీ చేయించాలి, రీడింగ్ కాగితం అడిగి తీసుకోవాలి.

అపోహ: "బంప్ స్టాపర్ తీసేస్తే షాక్‌కు ఆడే చోటు దొరుకుతుంది."

వాస్తవం: షాక్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ తగలకుండా ఆపే మెత్తటి ముక్కే బంప్ స్టాపర్, దయచేసి తీయించకండి. అది లేకపోతే షాక్ లోపల ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది, సీలు పోయి ఆయిల్ కారుతుంది, దెబ్బ స్ట్రట్ మౌంట్ దాకా పోతుంది. పొట్టి స్ప్రింగుకు తగిన పొట్టి షాకులూ, వాటి స్టాపర్లూ కలిపి వేయాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన గల్లీల్లో ఉండేవి ఇరుకువి, నిటారువి. మామూలుగా అడుగుకూ నేలకూ మధ్య 165 నుంచి 170 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఉండే బండిని 40 దించి, నలుగురిని ఎక్కిస్తే ఇంజను కింద ఉండే ఆయిల్ సంపు తగలకుండా ఎలా ఉంటుంది?

అపోహ: "బండి దించినా పోలీసులు, ఇన్సూరెన్స్‌వాళ్లు ఎవరూ పట్టించుకోరు."

వాస్తవం: మోటారు వాహనాల చట్టం అనుమతించని మార్పు చేస్తే 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము దగ్గర అడ్డం పడొచ్చు. కాబట్టి మళ్లీ పాత ఎత్తుకు తేవాల్సి వస్తే పనికొచ్చే కంపెనీ స్ప్రింగులు, షాకులు తూకానికి అమ్మేయకండి. నూనె రాసి గోనెసంచిలో చుట్టి ఇంట్లోనే పెట్టుకోండి.