ఎన్ఎంఆర్, మాస్, ఎక్స్‌ఆర్‌డీ గదులు: అపోహలు - వాస్తవాలు

కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో అందరూ వాడుకునే పరికరాల విభాగం ఒకటి ఉంటుంది. అణువు నిర్మాణం చూపే ఎన్ఎంఆర్, అణువు బరువు కొలిచే మాస్, క్రిస్టల్ నిర్మాణం చెప్పే ఎక్స్‌ఆర్‌డీ అక్కడే ఉంటాయి. స్పెక్ట్రం (మిషన్ గీసిచ్చే పీకుల గ్రాఫు) బాగా రాకపోతే అనుమానం ముందు మిషన్ మీదికే పోతుంది. ‘మిషన్ సరిగ్గా లేదంట’ అన్న మాట సాయంత్రానికి హాస్టల్ దాకా చేరుతుంది. అదే పూట, అదే మిషన్‌లో పక్క ల్యాబ్ శాంపిల్‌కు పీకులు సన్నగా, శుభ్రంగా వచ్చి ఉంటాయి. నిజంగానే అనుమానం ఉంటే స్టాండర్డ్ శాంపిల్ పెట్టి చూడమని అడగొచ్చు. ప్రోటాన్ (హైడ్రోజన్) సిగ్నల్ ఎంత బలంగా వస్తుందో చూడడానికి 0.1 శాతం ఇథైల్‌బెంజీన్ ఉన్న సీల్డ్ ట్యూబు దాదాపు ప్రతి ఎన్ఎంఆర్ ల్యాబ్‌లోనూ ఉంటుంది. అది బాగా వచ్చిందంటే లోపం మన ట్యూబులో వెతుక్కోవాలి.

అపోహ: ఎన్ఎంఆర్ ట్యూబులో కాస్త సాల్వెంట్ పోసి ఇస్తే చాలు, మిగతాది ఆపరేటర్ చూసుకుంటారు.

వాస్తవం: 5 మిల్లీమీటర్ల ట్యూబులో 0.6 మి.లీ. పోస్తే ద్రవం ఎత్తు 4 సెంటీమీటర్లు దాటుతుంది. సిగ్నల్ పట్టే కాయిల్‌కు పైనా కిందా తగినంత ద్రావణం ఉండేది ఆ ఎత్తులోనే. డ్యూటెరేటెడ్ (మామూలు హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్న) సాల్వెంట్ ఖరీదని 0.3 మి.లీ.తో సరిపెడితే ఎత్తు 2 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఎంతసేపు షిమ్ చేసినా (అయస్కాంత క్షేత్రాన్ని, అంటే ఫీల్డ్‌ను, ఏకరీతిగా సర్దినా) పీకులు లావుగానే వస్తాయి. సాల్వెంట్‌లో మిగుల్చుదామనుకున్నది స్లాట్‌లో (బుక్ చేసుకున్న మిషన్ సమయంలో) పోతుంది.

తర్వాతి సమస్య కరగని పదార్థం. సిలికా రేణువులు, సోడియం సల్ఫేట్ పొడి తేలుతుంటే ఫీల్డ్ ఏకరీతిగా ఉండదు. పాశ్చర్ పిపెట్‌లో చిన్న దూది ముక్క దూర్చి, అందులోంచి ట్యూబులోకి వడపోస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే పని. ట్యూబును క్రోమిక్ యాసిడ్‌తో కడగొద్దు. గాజుకు అంటుకుపోయే క్రోమియం పారామాగ్నెటిక్, పీకులను వెడల్పు చేస్తుంది. అసిటోన్‌తో కడిగి, పడుకోబెట్టి ఆరనివ్వండి. బాగా వేడిగా ఉన్న ఓవెన్‌లో నిలబెడితే ట్యూబు కొద్దిగా వంగుతుంది. ఆ వంపు కంటికి కనబడదు, మిషన్‌లో తిప్పినప్పుడు బయటపడుతుంది. పేరు రాసిన స్టిక్కర్‌ను జెండాలా అతికించడమూ తప్పే. మార్కర్‌తో మూత మీద రాస్తే సరిపోతుంది.

కొత్తగా పీకు కనబడగానే కొత్త కాంపౌండ్ వచ్చిందని సంబరపడేముందు సీడీసీఎల్3లో (డ్యూటెరేటెడ్ క్లోరోఫాంలో) మామూలు మలినాల పీకులు వచ్చే ఈ పీపీఎం విలువలు సరిచూసుకోండి: నీరు 1.56, అసిటోన్ 2.17, డైక్లోరోమీథేన్ 5.30, ఇథైల్ అసిటేట్ 1.26, 2.05, 4.12. పాత సీడీసీఎల్3లో కాస్త ఆమ్లం చేరుతుంది. ఆమ్లానికి నిలవని ట్రైటిల్, అసిటాల్ లాంటి గ్రూపులు ట్యూబులో ఉండగానే ఊడిపోవచ్చు. తప్పు రియాక్షన్‌దని రెండు వారాలు వెతుకుతారు. అంతకంటే సాల్వెంట్ సీసాలో కొంచెం పొడి పొటాషియం కార్బొనేట్ వేసి ఉంచుకోవడం నయం.

అపోహ: కాంపౌండ్ ఎంత ఎక్కువ ఇస్తే స్పెక్ట్రం అంత బాగా వస్తుంది.

వాస్తవం: కార్బన్ ఎన్ఎంఆర్‌కు ఇది చాలావరకు నిజమే, మాస్‌కు పూర్తిగా తప్పు. ఎన్ఎంఆర్‌కు కనబడే కార్బన్-13 వాటా ప్రకృతిలో 1.1 శాతమే. సిగ్నల్-నాయిస్ నిష్పత్తి స్కాన్ల సంఖ్య వర్గమూలంతో పెరుగుతుంది, అంటే రెట్టింపు కావాలంటే నాలుగింతల స్కాన్లు. ఒక్కో స్కాన్‌కు 3 సెకన్లు అనుకుంటే 1024 స్కాన్లకు 51 నిమిషాలు, 4096కు దాదాపు 3 గంటల 25 నిమిషాలు. కాంపౌండ్ రెట్టింపు వేస్తే ఆ మెరుగుదల 51 నిమిషాల్లోనే వస్తుంది. అందుకే ప్రోటాన్‌కు 5 నుంచి 10 మి.గ్రా. చాలినా, కార్బన్‌కు దొరికితే 30 మి.గ్రా. పైన ఇవ్వమని అడుగుతారు. మరీ చిక్కగా, పాకంలా చేస్తే మాత్రం పీకులు మళ్లీ లావవుతాయి.

ఎలక్ట్రోస్ప్రే మాస్‌కు (ద్రావణాన్ని చార్జి ఉన్న తుంపరగా చల్లి కొలిచే పద్ధతికి) 1 మి.గ్రా.ను 1 మి.లీ. మిథనాల్‌లో కరిగించి, అందులో 10 మైక్రోలీటర్లు తీసి మళ్లీ 1 మి.లీ. చేయండి. మి.లీ.కు 10 మైక్రోగ్రాములు అవుతుంది, మామూలుగా ఇది చాలు. 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడపోసి ఇవ్వండి. చిక్కటి శాంపిల్ పెడితే సోర్సు, లైను అంతా పట్టుకుని, తర్వాత వచ్చే నలుగురి స్పెక్ట్రాల్లోనూ అదే కనిపిస్తుంది. ట్రైఇథైల్‌అమీన్ ఇందులో ఆరితేరింది, మాస్ 102 దగ్గర రోజుల తరబడి కూర్చుంటుంది. ఫాస్ఫేట్ బఫర్ అసలు తేవద్దు. అది ఆవిరి కాదు, ఉప్పై పేరుకుంటుంది. బఫర్ తప్పనిసరైతే అమ్మోనియం ఫార్మేట్ వాడండి.

అపోహ: హెచ్ఆర్ఎంఎస్ (మాస్‌ను దశాంశాల దాకా కచ్చితంగా కొలిచే పద్ధతి) సరిపోయింది కాబట్టి కాంపౌండ్ శుద్ధంగా ఉన్నట్టే.

వాస్తవం: లెక్కగట్టిన మాస్‌కు 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) తేడా లోపు విలువ వచ్చిందంటే ఫార్ములా పొసుగుతోందని మాత్రమే అర్థం. ఐసోమర్లన్నిటికీ (అదే ఫార్ములా, వేరే నిర్మాణం ఉన్నవాటికి) అదే విలువ వస్తుంది. శుద్ధత సంగతి అది చెప్పదు. సులువుగా అయనైజ్ అయ్యే అమీన్ ఒక శాతమే ఉన్నా పెద్ద పీకుగా నిలబడుతుంది, పక్కనే 99 శాతం ఉన్న హైడ్రోకార్బన్ కనబడకపోవచ్చు. ప్రోటాన్ చేరిన పీకుకు 22 ఎక్కువలో ఇంకోటి ఉంటే అది సోడియం చేరినది. 391 దగ్గర పీకు వస్తే ప్లాస్టిక్ నుంచి దిగిన థాలేట్‌ను అనుమానించండి. గాజు వయల్ వాడితే చాలావరకు తప్పుతుంది.

అపోహ: కరెంటు పోతే, రాత్రి స్విచ్ ఆపితే ఎన్ఎంఆర్ మాగ్నెట్ కూడా ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. సూపర్‌కండక్టింగ్ కాయిల్‌లో ఒకసారి ఎక్కించిన కరెంటు బయటి సరఫరా లేకుండానే తిరుగుతూ ఉంటుంది. 400 మెగాహెర్ట్జ్ మాగ్నెట్‌లో అది 9.4 టెస్లా, ఆదివారమైనా అర్ధరాత్రయినా. దానికి కావలసింది ద్రవ హీలియం, బయటి పొరలో ద్రవ నైట్రోజన్. నైట్రోజన్ సాధారణంగా వారానికోసారి నింపాలి. మాగ్నెట్ ఆగదు కాబట్టే పేస్‌మేకర్ ఉన్నవాళ్లు 5 గాస్ గీత (ఫీల్డ్ 5 గాస్‌కు తగ్గే చోటి హద్దు) దాటకూడదన్న బోర్డు ఎప్పటికీ వర్తిస్తుంది. ఫీల్డ్ పై అంతస్తు వైపు కూడా విస్తరిస్తుంది కాబట్టి పైగదిలో ఏం పెడుతున్నారో కూడా చూసుకోవాలి.

కరెంటు పోయినప్పుడు అసలు ప్రమాదం గాలితో. ట్యూబును నెమ్మదిగా దించేది కంప్రెసర్ గాలే. స్పిన్నర్ (ట్యూబును పట్టి ఉంచేది) పెట్టేముందు బోర్ (మాగ్నెట్ మధ్య రంధ్రం) పైన గాలి పొంగే చప్పుడు వినిపించాలి, ట్యూబు దాని మీద తేలాలి. చప్పుడు లేకుండా వదిలితే ట్యూబు సూటిగా ప్రోబ్ (కాయిల్ ఉండే భాగం) మీద పడి పగులుతుంది. ఆ తర్వాత ప్రోబ్ విప్పి శుభ్రం చేసేదాకా అందరి స్లాట్లూ ఆగిపోతాయి.

అపోహ: క్రిస్టల్స్ వడపోసి, బాగా ఆరబెట్టి ఇవ్వాలి.

వాస్తవం: సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌ఆర్‌డీకి సరిగ్గా ఇదే చేయకూడదు. జాలకంలో సాల్వెంట్ అణువులు ఉంటే ఆరగానే అవి ఎగిరిపోయి, గాజులా ఉన్న క్రిస్టల్ తెల్లగా మసకబారి పగులుతుంది. పెరిగిన ద్రావణంలోనే ఉంచి, మూత బిగించి తీసుకురండి. 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లు మంచి సైజు. పౌడర్ ఎక్స్‌ఆర్‌డీలో కాపర్ ఎక్స్-రే ట్యూబుతో ఐరన్, కోబాల్ట్ కాంపౌండ్లు పెడితే ఫ్లోరెసెన్స్ వల్ల బ్యాక్‌గ్రౌండ్ లేస్తుంది. అది మెత్తగా నూరనందువల్ల వచ్చింది కాదు.

అపోహ: మన యూనివర్సిటీలో ఆ పరికరం లేకపోతే తెలిసినవాళ్లను బతిమాలుకోవడమే దారి.

వాస్తవం: 2020 జనవరిలో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని సంస్థల పరికరాలు వెతికి బుక్ చేసుకోవచ్చు. డీఎస్‌టీ (కేంద్ర సైన్స్, టెక్నాలజీ విభాగం) సాయంతో నడిచే సైఫ్ అనే అధునాతన పరికరాల కేంద్రాలు బయటివాళ్ల శాంపిళ్లు తీసుకుంటాయి. విద్యాసంస్థలకు, పరిశ్రమలకు రేట్లు వేరువేరుగా ఉంటాయి. కాంపౌండ్ స్థిరమైనదైతే ద్రావణం కాకుండా ఘనపదార్థం పంపండి. ఫారంలో ఊహిస్తున్న మాస్, ఏ సాల్వెంట్‌లో కరుగుతుంది, తేమకు పాడవుతుందా, విషపూరితమా అన్నవి రాయండి. కరిగే సాల్వెంట్ గడి ఖాళీగా వదిలితే అక్కడివాళ్లు తోచినది పోస్తారు, కరగకపోతే శాంపిల్ వృథా. రిజల్ట్ వచ్చేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే కాకుండా రా డేటా ఫోల్డర్ మొత్తం అడిగి తీసుకోండి. రివ్యూయర్ ఆరునెలల తర్వాత ఎఫ్ఐడీ (ఎన్ఎంఆర్ ముడి సిగ్నల్) అడిగితే పీడీఎఫ్ నుంచి దాన్ని వెనక్కి తీయలేరు.