బొబ్బిలి ఫిరంగులు, పారిస్ రొట్టె

బొబ్బిలి యుద్ధ స్తంభం దగ్గర నిలబడితే ఎవరికైనా తాండ్ర పాపారాయుడే గుర్తొస్తాడు. నాకు ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. 1757 జనవరిలో ఆ కోట మీద పేలిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు మందుగుండు, సిపాయిలకు జీతాలు ఎవరిచ్చారు? మనమే. 1753లో నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళంతో కలిపి నాలుగు సర్కార్ల శిస్తును సైన్యం ఖర్చు కింద ఆయనకు రాసిచ్చాడు. ఆ శిస్తు ఎంతోకాలం దక్కలేదు. 1758లో విజయనగరం ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువాళ్లతో చేతులు కలిపాడు, చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు, మరుసటి ఏడు మచిలీపట్నం కూడా పోయింది.

శిస్తు పోయింది గానీ ఫ్రాన్సు రాజుకు యుద్ధాలు తగ్గలేదు. 1789 ఫ్రెంచి విప్లవానికి దారితీసిన అప్పులు ఆ యుద్ధాలవే. ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసింది. 1778లో ఇంగ్లండు మీద కసితో స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న అమెరికావాళ్ల పక్షాన దిగారు, వంద కోట్ల లివర్లకు (అప్పటి ఫ్రెంచి డబ్బు) పైగా ఖర్చయింది. ఎక్కువ భాగం అప్పే. 1788 లెక్కల్లో మొత్తం ఖర్చు 63 కోట్లయితే అందులో సగం అప్పుల పద్దుకే పోయింది. రాణిగారి నగల గురించి కథలు చాలా చెబుతారు. రాజాస్థానం ఖర్చంతా కలిపినా నూటికి ఆరు పాళ్లే.

ఇంగ్లండుకూ అప్పు తక్కువేం లేదు. అక్కడ పార్లమెంటు పూచీ ఉంది కాబట్టి వడ్డీ తక్కువ. ఫ్రాన్సులో రాజు మాటే చట్టం, అడిగేవాడు లేడు. 1770లో కొన్ని అప్పులు నిజంగానే ఎగ్గొట్టారు. అలాంటివాడికి డబ్బిచ్చేవాడు తన భయాన్ని కూడా వడ్డీలో కలిపే అడుగుతాడు. నిరంకుశత్వమే ఖజానాకు చేటు చేసిందని నేననేది అందుకే.

మరి పన్నులు? మా నౌపడ ఉప్పు మడుల గట్టున తెల్లటి కుప్పలు చూసినవాళ్లకు ఈ సంగతి వెంటనే తడుతుంది. సముద్రపు ఉప్పు పండే బ్రిటనీ ప్రాంతంలో ఉప్పు మీద పన్ను లేదు. ఎల్ల దాటి పక్క సీమలోకి వెళితే అదే ఉప్పు పదింతలకు మించిన ధర. పైగా ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషి పేరునా ఏటా ఇంత ఉప్పు రాజు కొఠారులో కొనితీరాలి. కూరలో వేసుకోవడానికి కొన్న ఉప్పు చేపలకు రాస్తే జరిమానా. ఈ పన్ను వసూలును ఇజారాకు, అంటే రాజుకు ముందే డబ్బు కట్టి వసూలు హక్కు కొనుక్కున్నవాళ్లకు ఇచ్చేశారు. ఆక్సిజన్‌కు ఆ పేరు పెట్టిన లవాయిజే ఆ ఇజారాదారుల్లో ఒకడు. ఎంత గొప్ప బుర్ర! 1794లో ఆ ఇజారా పాపానికే విప్లవకారులు ఆయన తల తీశారు.

భూములున్న ప్రభువులు, మఠాలు మాత్రం చాలా పన్నులకు అతీతం. అందరి భూమి మీదా పన్ను వేద్దామని 1787లో మంత్రి కలోన్ అడిగితే పెద్దలు ఒప్పుకోలేదు. చేసేదిలేక 1614 తర్వాత ఎన్నడూ పిలవని ప్రతినిధుల సభను 1789 మే నెలలో పిలిచారు. ఊరూరా జనం తమ గోడు కాగితం మీద పెట్టి పంపారు. అడగడం అలవాటైంది.

ఈలోగా వాన దేవుడూ పగబట్టాడు. 1788 జులై 13న వడగళ్లు పంటను నేలకు కొట్టాయి, ఆ వెనకే భయంకరమైన చలి. మనకు బియ్యం ఎలాగో వాళ్లకు రొట్టె అలాగ. 1789 వేసవి నాటికి పారిస్ కూలివాడి సంపాదనలో చాలా భాగం రొట్టెకే సరిపోయేది.

అక్టోబర్ 5న పారిస్ బజారు ఆడవాళ్లు వానలో తడుస్తూ ఇరవై కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ కోటకు వెళ్లారు. మర్నాడు రాజునూ రాణినీ పిల్లవాణ్ణీ పారిస్‌కు వెంటబెట్టుకొచ్చారు. దారంతా వాళ్లను పిలిచిన పేర్లు: రొట్టెలవాడు, రొట్టెలవాడి పెళ్లాం, రొట్టెల కుర్రాడు.