పది కిలోవాట్ల గీత

డాబా మీద సౌర పలకలు పెట్టుకున్న ఇంటికి ఏ లెక్కన బిల్లు వేయాలి? ఈ తగాదా మళ్లీ మొదటికి వచ్చింది. పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్‌కు బదులు రాత్రి ఒక యూనిట్ తిరిగి వాడుకోవడం నెట్ మీటరింగ్. పంపినదానికి ఒక ధర, వాడినదానికి మరో ధర కడితే నెట్ బిల్లింగ్. ఉత్పత్తి మొత్తాన్నీ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) తక్కువ ధరకు కొని, ఇంటి వాడకానికి మామూలు బిల్లు వేస్తే గ్రాస్ మీటరింగ్. మొదటి పద్ధతి నుంచి మిగతా రెండింటి వైపు జరగాలని డిస్కంలు కోరుతున్నాయి. కేరళ నియంత్రణ మండలి 2025లో తెచ్చిన ముసాయిదాలో ఇళ్లకు నెట్ మీటరింగ్ హద్దు 3 కిలోవాట్లని పెట్టడంతో, అప్పటికే పలకలు బిగించుకున్న కుటుంబాలు భగ్గుమన్నాయి.

2010లో మొదలైన జాతీయ సౌర మిషన్, 2015లో రెండు తెలుగు రాష్ట్రాలూ తెచ్చిన సౌర విధానాలు తెలిసిన కథే. నేటి గొడవకు మూలం 2020 డిసెంబర్ 31న ఉంది.

ఆ రోజు కేంద్ర విద్యుత్ శాఖ ‘విద్యుత్ (వినియోగదారుల హక్కుల) నిబంధనలు’ నోటిఫై చేసింది. కొత్త కనెక్షన్‌కు గడువు, ఆలస్యమైతే పరిహారం వంటి మంచి మాటలు అందులో చాలా ఉన్నాయి. వాటి మధ్యలోనే, 10 కిలోవాట్ల వరకే నెట్ మీటరింగ్, ఆపైన గ్రాస్ మీటరింగ్ అన్న వాక్యమూ ఉంది. హక్కుల పేరుతో వచ్చిన పత్రమే హక్కుకు హద్దు గీసింది. చిన్న పరిశ్రమలు, అపార్ట్‌మెంట్లు, సోలార్ కంపెనీలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ఆరు నెలలు తిరగకుండానే, 2021 జూన్ 28న, ఆ హద్దును 500 కిలోవాట్లకు లేదా మంజూరైన లోడుకు, రెండింటిలో ఏది తక్కువైతే దానికి మార్చారు.

గెలిచామనుకున్నవారు ఒక సంగతి గమనించలేదని నా అభిప్రాయం. అంతవరకూ పంపిన యూనిట్‌కు యూనిట్ ఇవ్వడం అనేది దేశమంతటికీ చెప్పుకోదగ్గ సూత్రంగా ఉండేది. ఆ డిసెంబర్ తర్వాత అది బేరమాడే అంకెగా మారిపోయింది. పది అన్నారు, ఐదు వందలన్నారు, కేరళ ముసాయిదాలో మూడు అన్నారు.

ఆ మూడు కూడా కొత్త అంకె కాదు. 2024 ఫిబ్రవరిలో 75,021 కోట్ల రూపాయల కేటాయింపుతో, కోటి ఇళ్ల లక్ష్యంతో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గరే 78,000 రూపాయలతో ఆగిపోతుంది. ఆపైన ఎంత పెట్టుకున్నా అదే మొత్తం. రాయితీకి గీసిన గీత బిల్లుకూ గీతవుతుందని ఆ రోజు దరఖాస్తు చేసుకున్నవారికి ఎవరూ చెప్పలేదు.

డిస్కంల బాధ ఊరికే పుట్టింది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమలైన స్లాబులే చూడండి. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 226 నుంచి 400 వరకు 8.75 చొప్పున, 400 దాటితే 9.75 చొప్పున. నెలకు 450 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల చార్జీ సుమారు 3,036 రూపాయలు. అదే ఇంటి డాబా మీద 3 కిలోవాట్ల పలకలు ఉంటే, కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన నెలకు 360 యూనిట్లు తగ్గి, చార్జీ 260కి పడిపోతుంది. పేదల స్లాబుల లోటును పూడ్చే ఖరీదైన స్లాబే ముందుగా ఖాళీ అవుతుంది. పెద్ద సౌర పార్కుల నుంచి యూనిట్ 2.49కే ఒప్పందాలు ఉన్నప్పుడు, ఈ ఇంటి యూనిట్‌కు సగటున ఏడున్నర రూపాయలకు పైగా ఎందుకు వదులుకోవాలని డిస్కం అడుగుతుంది. ఎండ మధ్యాహ్నం, గిరాకీ సాయంత్రం అన్న వాదన కూడా నిజమే.

అయితే ఈ లెక్కలో సగమే కనిపిస్తుంది. సౌర పార్కు ధరలో ఆ కరెంటు వందల కిలోమీటర్లు ప్రయాణించే ఖర్చు, దారిలో పోయే నష్టం లేవు. డాబా మీద పుట్టిన యూనిట్ పక్కింటి ఫ్యానులోనే ఖర్చవుతుంది, ఆ పక్కింటి నుంచి డిస్కం పూర్తి ధర వసూలు చేస్తుంది. పలకల పెట్టుబడి పెట్టింది కుటుంబం. స్థలం దానిదే, వాటి దుమ్ము కడిగేదీ అదే. సరఫరా పోతే లైన్‌మన్ భద్రత కోసం సౌర ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది కాబట్టి, బ్యాటరీ లేని ఆ ఇల్లూ చీకట్లోనే కూర్చుంటుంది. స్లాబుల లోటు ఎవరు భరించాలన్నది ప్రభుత్వం తేల్చవలసిన విధాన ప్రశ్న. దాన్ని సొంత డబ్బుతో కరెంటు తయారుచేసుకుంటున్నవారి ఖాతాలో వేయడం న్యాయంగా లేదు.

కాలం కొంచెం వెనక్కి వెళ్తే, 2022 నాటికి 40 గిగావాట్ల పైకప్పు సౌర విద్యుత్తు తేవాలని 2015లో పెట్టుకున్న లక్ష్యంలో గడువుకు నాలుగో వంతు కూడా పూర్తి కాలేదు. దరఖాస్తు పెట్టి, సాంకేతిక పరిశీలన కోసం, రెండు వైపులా లెక్కించే మీటర్ కోసం ఎదురుచూపులే అందుకు ఒక ముఖ్య కారణం. ఆ సంగతి కేంద్రమూ ఒప్పుకున్నట్టే. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులను పరిశీలన అక్కర్లేకుండానే ఆమోదించినట్టు భావించాలని 2024 ఫిబ్రవరిలో నిబంధన సవరించింది. ఈసారి పది మేలు చేసే అంకె అయింది.

తెలంగాణలో మరో చిక్కు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది. ఆ ఇళ్లకు పలకల అవసరమే కనిపించదు. అక్కడ సోలార్ ఆలోచన చేసేది ఎక్కువగా పై స్లాబుల వారే, డిస్కం వదులుకోలేనిదీ వారినే.

ఇక రాబోయే మలుపు అదే వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2023 జూన్‌లో చేసిన సవరణలో ఉంది. స్మార్ట్ మీటర్ వచ్చాక వేళను బట్టి ధర మారాలని, పగటి సౌర వేళల్లో అది మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని ఆ సవరణ చెప్పింది. పగటి యూనిట్ చౌకైతే, దాన్ని సాయంత్రపు యూనిట్‌తో సరిసమానంగా చెల్లు వేయడం ఎంతకాలం సాగుతుంది? సబ్సిడీ పోగా మిగిలిన ఖర్చుకు బ్యాంకులు ఇస్తున్న రుణాల గడువు పదేళ్ల దాకా ఉంది. పలకల ఆయుష్షు పాతికేళ్లు. బిగించిన నాడు ఉన్న లెక్కే ఆ పాతికేళ్లూ వర్తిస్తుందని రాసిచ్చే నిబంధన ఒక్కటి కావాలని కుటుంబాలు అడుగుతున్నాయి. 2020 డిసెంబర్ నాటి పత్రంలో అది లేదు, తర్వాతి సవరణల్లోనూ చేరలేదు.