నల్లపులి గుట్టు

హైదరాబాద్ అత్తాపూర్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ పక్కనే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వారి ల్యాకోన్స్ ఉంది. అంతరించిపోతున్న జంతువుల కోసం పెట్టిన ల్యాబ్ అది. ఇలాంటి చోట ఎండిన పులి పెంట కూడా విలువైన సరుకే. పేగుల నుంచి రాలిన కణాలు అందులో ఉంటాయి. వాటిలోంచి డీఎన్ఏ తీస్తే, పులి జోలికి వెళ్లకుండానే అది ఆడదో మగదో, ఏ పులికి చుట్టమో చెప్పొచ్చు.

చుట్టరికం ఆరా ఎందుకంటారా? ఒడిశాలోని సిమ్లీపాల్ అడవిలో కొన్ని పులులు నల్లగా కనిపిస్తాయి. నిజానికి ఒళ్లంతా నలుపు కాదు. చారలు వెడల్పై ఒకదాంట్లో ఒకటి కలిసిపోగా, మధ్య మధ్య పసుపు సందులు మిగులుతాయి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కు చెందిన ఉమా రామకృష్ణన్ బృందం 2021లో దీని గుట్టు విప్పింది. ఆ పనిలో సీసీఎంబీ కూడా ఓ చెయ్యి వేసింది. ట్యాక్‌పెప్ అనే జన్యువులోని డీఎన్ఏ అక్షరాల్లో ఒకే ఒక్కటి మారింది, అంతే. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ మార్పు అందితేనే పిల్ల నల్లబడుతుంది. ఒకవైపు నుంచే వస్తే చూడ్డానికి మామూలు పులే. (కొన్ని పెంపుడు పిల్లుల ఒంటి మీద చారలు సుడులు తిరిగి ఉండటానికీ ఇదే జన్యువులోని తేడా కారణం.)

మిగతా అడవుల్లో ఇంత అరుదైన ఈ రంగు, సిమ్లీపాల్‌లో మూడింట ఒక వంతుకు పైగా పులుల్లో ఎలా వచ్చింది? పరిణామం అనగానే మనకు 'బలమున్నదే బతుకుతుంది' అన్న మాట గుర్తొస్తుంది. దట్టమైన అడవిలో వేటకు నలుపు కలిసొచ్చి ఉండొచ్చు, కొట్టిపారేయలేం. పరిశోధకులు మాత్రం యాదృచ్ఛికత వైపే ఎక్కువ మొగ్గారు, నాకూ అదే సబబనిపిస్తుంది. నాలుగు గవ్వలు విసిరితే అన్నీ ఒకేవైపు పడటం వింతేం కాదు, నాలుగు వందలు విసిరితే అలా పడవు. కొద్ది పులులతో మొదలై, బయటి పులుల రాకపోకలు లేనిచోట ఒక అరుదైన మార్పు ఇట్టే పెరిగిపోతుంది. దీన్నే జన్యు విస్థాపం అంటారు.

రంగు కాబట్టి కంటపడింది. గుండెజబ్బు, సంతానలేమి తెచ్చే మార్పులూ అదే దారిలో చాటుగా పెరగొచ్చు. అమెరికాలోని ఫ్లోరిడాలో ప్యూమాలు (పిల్లి జాతికే చెందిన పెద్ద మృగాలు) ఇరవై, ముప్పై దాకా పడిపోయాక వంకర తోకలతో, గుండె లోపాలతో పుట్టసాగాయి. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలాక తర్వాతి తరాలు తేరుకున్నాయి, సంఖ్యా పెరిగింది. మన జూ పార్కులో పెంచి, 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదులుతున్న మూషిక జింకలకు జత కుదిర్చేటప్పుడు చూసుకోవాల్సిందీ ఈ చుట్టరికమే.

2024లో సిమ్లీపాల్‌కూ కొత్త రక్తం వచ్చింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని తెచ్చి వదిలారు. జీనత్ కుదురుగా ఉండలేదు. జార్ఖండ్ దాటి పశ్చిమ బెంగాల్ దాకా నడిచి వెళ్లిపోయింది. డిసెంబరు నెలాఖరున బాంకురా జిల్లాలో మత్తిచ్చి పట్టుకుని మళ్లీ వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. వీటికి అక్కడి మగపులులతో పిల్లలు పుడితే, తల్లివైపు నుంచి ఆ మార్పు రాదు కాబట్టి, మొదటి కాన్పుల్లో నల్లవి పుట్టే అవకాశం దాదాపు లేదు. నల్లపులిని చూద్దామని వచ్చే టూరిస్టులకు అది నచ్చకపోవచ్చు.