చేయి బిగించిన జనానిదా తప్పు?

ఏ దేశంలోనైనా ఆర్థిక మందగమనం మొదలైన కొన్నాళ్లకు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. జనం ఖర్చు పెట్టడం లేదు, అందుకే ఫ్యాక్టరీలు నడవడం లేదు, అందుకే ఉద్యోగాలు పోతున్నాయి అని. మంత్రులు అంటారు, కంపెనీల పెద్దలు అంటారు, టీవీ చర్చల్లో కూర్చున్నవాళ్లూ అంటారు. కొత్త బండి కొనాలనుకున్నవాళ్లు పాతదానికే రిపేరు చేయించుకోవడం, ఇల్లు కొందామనుకున్నవాళ్లు వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోవడం, జీతం పడగానే ముందు అప్పు వాయిదా కట్టేసి మిగిలినదాన్ని కదపకుండా ఉంచుకోవడం, ఇవన్నీ దేశానికి చేస్తున్న ద్రోహం అన్నట్టు మాట్లాడతారు. ఈ నింద ఇప్పటిది కాదు, దీనికి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర చదివిన కొద్దీ నాకు అనిపించింది ఒక్కటే: జనం భయం ఊరికే పుట్టింది కాదు, చాలాసార్లు వాళ్ల లెక్కే సరిగ్గా తేలింది, ఆ భయాన్ని తగ్గించింది కూడా ఉపదేశాలు కావు, గట్టి హామీలు.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలిన కథ అందరికీ తెలిసిందే. కానీ అప్పటి అమెరికాలో షేర్లు ఉన్న కుటుంబాలు తక్కువ. మామూలు మనిషికి అసలు దెబ్బ తగిలింది బ్యాంకు దగ్గర. 1930 నుంచి 1933 దాకా అక్కడ దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. దేశమంతటికీ వర్తించే డిపాజిట్ బీమా, అంటే బ్యాంకు మునిగినా మన డబ్బు తిరిగి వస్తుందన్న హామీ, అంటూ ఏదీ లేదు. బ్యాంకు మునిగితే, దాని ఆస్తులు అమ్మగా వచ్చినదాంట్లో మన వాటా ఎంతో, ఎప్పుడొస్తుందో ఎదురుచూస్తూ కూర్చోవడమే. అలాంటి రోజుల్లో పక్క ఊరి బ్యాంకు తలుపులు మూసేశారని విన్న మనిషి ఏం చేస్తాడు? తెల్లారేసరికి లైన్లో నిలబడి తన డబ్బు తెచ్చుకుని ఇంట్లో దాచుకుంటాడు. అందరూ అదే పని చేస్తే బాగున్న బ్యాంకు కూడా మునుగుతుంది, ఎందుకంటే ఏ బ్యాంకూ డిపాజిట్లన్నీ ఇనప్పెట్టెలో పెట్టుకుని ఉండదు, చాలా భాగం అప్పులుగా బయట తిరుగుతుంటుంది. ఆ సంగతి లైన్లో ఉన్నవాడికీ తెలుసు, తెలుసు కాబట్టే మిగతావాళ్ల కంటే ముందు వచ్చాడు.

1932 ఫిబ్రవరిలో అధ్యక్షుడు హూవర్ నగదు దాచుకోవద్దంటూ పెద్ద ప్రచారమే మొదలుపెట్టాడు. దాచిన ప్రతి డాలరూ దేశాన్ని వెనక్కి లాగుతుందన్న ధోరణి. మరుసటి చలికాలానికి బ్యాంకుల ముందు లైన్లు ఇంకా పెరిగాయి. 1933 మార్చి 4న కొత్త అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రమాణం చేస్తూ మనం భయపడాల్సింది భయానికే అన్న మాట అందరికీ గుర్తుండిపోయింది గానీ, నా దృష్టిలో అంతకంటే పెద్ద పని ఆ తర్వాత జరిగింది. ఆరో తేదీ నుంచి దేశంలో బ్యాంకులన్నీ మూయించి, ఏవి నిలబడగలవో చూసే పని మొదలుపెట్టి, 12వ తేదీ ఆదివారం రాత్రి రేడియోలో బ్యాంకు ఎలా పనిచేస్తుందో, రేపటి నుంచి ఏవి ఎప్పుడు తెరుస్తారో మామూలు మాటల్లో చెప్పాడు. బ్యాంకులు తెరిచాక జనం మళ్లీ లైన్లో నిలబడ్డారు, ఈసారి డబ్బు తిరిగి వేయడానికి. 1934 జనవరి 1 నుంచి మనిషికి 2,500 డాలర్ల దాకా డిపాజిట్ బీమా అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది మొత్తంలో మూతపడిన బీమా ఉన్న బ్యాంకులు తొమ్మిది. వేలల్లోంచి తొమ్మిదికి!

బ్రిటన్‌లో ఇదే రోజుల్లో కీన్స్ అనే ఆర్థికవేత్త 1931 జనవరిలో రేడియోలో గృహిణుల్ని ఉద్దేశించి మాట్లాడాడు. మీరు ఐదు షిల్లింగులు దాచినప్పుడల్లా ఒక మనిషికి ఒక రోజు పని పోతుంది, రేపు పొద్దున్నే వెళ్లి కొనండి అని. ఆయన చెప్పిన సూత్రంలో తప్పు లేదు. నా ఖర్చు ఇంకొకరి ఆదాయం, అందరూ ఒకేసారి పొదుపు మొదలుపెడితే అందరి ఆదాయమూ పడిపోతుంది, చివరికి పొదుపూ మిగలదు. దీన్నే తర్వాత పొదుపు వైరుధ్యం అన్నారు. కానీ ఆ గృహిణి వైపు నుంచి ఒక్కసారి చూడండి. ఆమె ఖర్చు పెడితే లాభం దేశమంతటికీ పంచుకుపోతుంది, రేపు భర్త ఉద్యోగం పోతే నష్టం మాత్రం పూర్తిగా ఆమె ఇంటికే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు చెప్పింది ఆమె లాంటి వాళ్లకే కదా. ఒక్కో ఇంటిని ధైర్యం చేయమని అడగడం వల్ల పని జరగదని కీన్స్‌కూ తెలుసు, ఆ ప్రసంగంలోనే ఊళ్ల పాలక సంస్థలు పెద్ద పనులు చేపట్టాలని అడిగాడు, 1936లో రాసిన పుస్తకంలో ఖర్చు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని గట్టిగా వాదించాడు. కానీ తర్వాతి పాలకుల్లో చాలామంది మొదటి సగాన్నే పట్టుకున్నారు, జనాన్ని కొనమనడం తేలిక కాబట్టి.

పని పోయినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు దాచుకోవడానికీ ఖర్చు పెట్టడానికీ ఏమీ ఉండదు. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మారియెంతాల్ అనే చిన్న ఊరు, ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1930 వచ్చేసరికి మిల్లు పూర్తిగా మూతపడింది. మరుసటి ఏడాది చలికాలంలో మేరీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ బృందం అక్కడికి వెళ్లి పరిశీలిస్తే 478 కుటుంబాల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల ఇళ్లలో ఒక్కరికి కూడా పని లేదు. వాళ్లు చేసిన ఒక పని నేను చదివినప్పటి నుంచి మర్చిపోలేదు. చేతిలో గడియారం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, ప్రధాన వీధిలో ఎవరు ఎంత వేగంగా నడుస్తున్నారో లెక్కపెట్టారు. మగవాళ్లు అడుగులో అడుగు వేసుకుంటూ మధ్యలో ఆగిపోతూ నడిచారు, మూడింట రెండు వంతుల మంది రెండుసార్లకు తక్కువ కాకుండా ఆగారు. ఆడవాళ్లు అలా ఆగలేదు, వాళ్లకు ఇంటి పని ఎక్కడికీ పోలేదు మరి. చేతినిండా ఖాళీ సమయం ఉన్నా ఊరి లైబ్రరీలో జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి తగ్గిపోయాయి. పని లేనివాళ్లు తిరగబడతారని అప్పట్లో చాలామంది అనుకునేవారు, ఆ ఊళ్లో ఎక్కువ మంది నీరసించి, ఆశలు తగ్గించుకుని, ఉన్నదాంతో సర్దుకున్నారు. మందగమనం గురించి మాట్లాడేటప్పుడు జీడీపీ అంకె ఒక్కటే చూసేవాళ్లకు ఈ వీధి కనిపించాలని నాకు ఉంటుంది.

అయితే అన్నిచోట్లా అలా జరగలేదు. 1932, 33 సంవత్సరాల్లో అమెరికాలో అయోవా, నెబ్రాస్కా లాంటి రాష్ట్రాల్లో అప్పు కట్టలేని రైతుల పొలాలు, పశువులు, పనిముట్లు వేలానికి పెట్టేవారు. చుట్టుపక్కల రైతులు గుంపుగా వచ్చి, గుర్రానికి కొన్ని సెంట్లు, నాగలికి ఒక సెంటు అంటూ పాడేవారు. బయటి నుంచి వచ్చినవాడు ఎక్కువ పాడబోతే పక్కన నిలబడిన నలుగురూ అతన్ని చూసే చూపు చాలేది. వేలం అయిపోయాక ఆ కొద్ది డాలర్లు అప్పు ఇచ్చినవాడి చేతిలో పెట్టి, సరుకంతా అసలు రైతుకే తిరిగి ఇచ్చి ఇళ్లకు వెళ్లేవారు. చట్టప్రకారం అది వేలమే. ఈ ఒత్తిడికి 1933లో అయోవా, మిన్నెసోటా రాష్ట్రాలు తాకట్టు ఆస్తుల స్వాధీనాన్ని వాయిదా వేసే చట్టాలు చేశాయి, మిన్నెసోటా చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు కూడా 1934లో చెప్పింది.

జనం మనసులో ఏముందో అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వచ్చింది. యుద్ధం ముగిస్తే మళ్లీ మాంద్యం తప్పదని చాలామంది నిపుణులు లెక్కలు వేస్తున్న సమయంలో మిషిగన్ యూనివర్సిటీలో జార్జ్ కటోనా అనే మనస్తత్వవేత్త 1946లో ఇంటింటి సర్వేలు మొదలుపెట్టాడు. జనం కొనడానికి సిద్ధంగా ఉన్నారని అందులో తేలింది, కొన్నారు కూడా. పోయినేడాది కంటే మీ పరిస్థితి మెరుగ్గా ఉందా, వచ్చే ఏడాదికి ఎలా ఉంటుంది, ఇంటికి పెద్ద వస్తువులు కొనడానికి ఇది మంచి సమయమేనా, ఇలాంటి ఐదు ప్రశ్నలే ఆ సర్వే నుంచి లెక్కగట్టే వినియోగదారుల విశ్వాస సూచికకు ఈ రోజుకీ ఆధారం. ఇప్పుడు చాలా దేశాలు ఇలాంటి సర్వేలు చేస్తున్నాయి, మన రిజర్వ్ బ్యాంకు సర్వేలో 100 కంటే తక్కువ వస్తే నిరాశ ఎక్కువని అర్థం, 2021 మేలో అది 48.5కు పడిపోయింది. మాంద్యంలో లిప్‌స్టిక్ అమ్మకాలు పెరుగుతాయి లాంటి తమాషా సూచికలు పత్రికల్లో తరచూ వస్తుంటాయి, వాటికి గట్టి ఆధారం నాకు కనపడలేదు, వదిలేస్తున్నాను.

జపాన్ కథ చాలా విషయాలు చెబుతుంది. 1989 చివర్లో శిఖరానికి చేరిన షేర్ మార్కెట్, ఆ వెనకే భూముల ధరలు కూలాయి. 1997 ఏప్రిల్‌లో వినియోగ పన్ను 3 శాతం నుంచి 5 శాతానికి పెంచారు, అదే నవంబరులో ఒక పెద్ద బ్యాంకు, ఒక పెద్ద షేర్ల కంపెనీ దివాలా తీశాయి. జీవితాంతం ఒకే ఉద్యోగం అన్న భరోసా కరిగిపోతున్న రోజులవి. జనం డబ్బును ఇంట్లోనే దాచుకోవడం ఎంత మామూలైపోయిందంటే, దానికి బీరువా పొదుపు అన్నట్టుగా వాళ్ల భాషలో ఒక పేరే ఉంది. 1999లో ప్రభుత్వం పిల్లలున్న కుటుంబాలకు, కొందరు వృద్ధులకు మనిషికి 20,000 యెన్‌ల కొనుగోలు కూపన్లు పంచింది, నగదైతే దాచేస్తారని ఆరు నెలల గడువు కూడా పెట్టింది. చాలామంది ఏం చేశారు? ఎలాగూ కొనాల్సినవి కూపన్లతో కొని, ఆ మేరకు జేబులోని నగదు పక్కన పెట్టుకున్నారు. 2008లో అమెరికా పన్ను వాపసు కింద చెక్కులు పంపినప్పుడూ అంతే, సర్వేలో ఆ డబ్బు ప్రధానంగా ఖర్చు పెడతామన్నవాళ్లు ఐదుగురిలో ఒక్కరే, మిగతావాళ్లు అప్పు తీర్చుకుంటామనో దాచుకుంటామనో చెప్పారు. ఒక్కసారి వచ్చే డబ్బుతో రేపటి టెన్షన్ పోదు.

అర్జెంటీనాలో అయితే జనం భయం అక్షరాలా నిజమైంది. 2001 డిసెంబరు మొదట్లో బ్యాంకు నుంచి వారానికి 250 పెసోలకు మించి నగదు తీయకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. 19వ తేదీ రాత్రి మధ్యతరగతి కుటుంబాలు గిన్నెలు, గరిటెలు పట్టుకుని మోగిస్తూ వీధుల్లోకి వచ్చాయి, 20న అధ్యక్షుడు డెలారువా రాజీనామా చేశాడు. ఆ రెండు రోజుల్లో దేశవ్యాప్తంగా 30 మందికి పైగా చనిపోయారు. తర్వాత బ్యాంకుల్లో ఉన్న డాలర్ డిపాజిట్లను డాలరుకు 1.40 పెసోల లెక్కన మార్చేశారు, బయట మాత్రం కొన్ని నెలల్లోనే డాలరు మూడు పెసోలు దాటింది. అంటే ముందే డబ్బు తీసుకున్నవాడు బతికాడు, ప్రభుత్వ మాట నమ్మి ఊరుకున్నవాడు సగానికి పైగా పోగొట్టుకున్నాడు. ఇది చూసిన తరానికి బ్యాంకుల్ని నమ్మండి అని చెప్పే ముఖం ఎవరికుంటుంది? చేతిలో డబ్బే లేనివాళ్లు వస్తుమార్పిడి క్లబ్బుల్లో కుట్టిన బట్టలిచ్చి కూరగాయలు తెచ్చుకున్నారు, లక్షల మంది ఆ క్లబ్బుల మీదే గడిపారు.

భరోసా ఉంటే ఏమవుతుందో చూడాలంటే 2009లో జర్మనీ. ఆ ఏడాది వాళ్ల జీడీపీ 5 శాతానికి పైగా పడిపోయింది, అంత పెద్ద దెబ్బకు లక్షల ఉద్యోగాలు పోవాలి. కంపెనీలు మనుషుల్ని తీసేయకుండా పని గంటలు తగ్గిస్తే, కోల్పోయిన చేతి జీతంలో 60 శాతం, పిల్లలున్నవాళ్లకైతే 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ భర్తీ చేసే ఏర్పాటు అక్కడ ఉంది. ఉచ్చస్థితిలో దాదాపు 15 లక్షల మంది దానికింద ఉన్నారు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉన్నా ఉద్యోగం ఉందని తెలుసు, గుర్తింపు కార్డు జేబులోనే ఉంది. నిరుద్యోగం పెద్దగా పెరగలేదు, కుటుంబాల ఖర్చు దాదాపు ఉన్నచోటే నిలిచింది. పాత కారు తుక్కుకిచ్చి కొత్తది కొంటే 2,500 యూరోలిస్తామంటే జనం ఎగబడి కొన్నారు కూడా. జపాన్ కూపన్లకూ దీనికీ తేడా కారులో లేదు, రేపు జీతం వస్తుందన్న నమ్మకంలో ఉంది.

ఇలాంటి ఏర్పాటు లేని చోట ఎక్కువ నష్టపోయేది అప్పుడే చదువు ముగించుకుని బయటికొచ్చిన పిల్లలు, వాళ్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కెనడాలో కాలేజీ పూర్తిచేసినవాళ్ల జీతాల్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలో, మాంద్యం సమయంలో ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదట్లో జీతం దాదాపు 9 శాతం తక్కువగా ఉందని, ఆ లోటు పూర్తిగా పూడటానికి పదేళ్ల దాకా పట్టిందని తేలింది. ఉద్యోగాల మార్కెట్ అంతకు ముందే కోలుకున్నా సరే. పెళ్లి, ఇల్లు, పిల్లలు అన్నీ కుదురుకునే వయసులోని పదేళ్లు అవి.