రైఫిల్ అడుగున కొత్త మ్యాగజైన్ చట్రం: పిల్లలకు తాతయ్య ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ నాన్న రైఫిల్ విప్పి, చెక్కను రోజూ కాస్త కాస్త గీకుతూ కూర్చుంటున్నాడని, "రెండు స్క్రూలు బిగించడానికి ఇన్ని వారాలా?" అని ఫోన్లో అడిగారు. అది ఫోన్లో తేలే సంగతి కాదు. టూల్ రూమ్‌లో బతికినవాణ్ణి కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. ఆ బల్ల మీద పని జరుగుతున్నంతసేపూ ఆ గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. పరీక్షకు వాడేవి డమ్మీలే, అంటే మందు లేనివి. మీరు చూడొచ్చు, అడగొచ్చు, కానీ నాన్న చేతికిస్తేనే ముట్టుకోవాలి. టెక్సాస్‌లో మీ నాన్న తన రైఫిల్‌కు ఈ పని తనే చేసుకోవచ్చు. ఇక్కడ మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది, తుపాకీ రిపేరు చేయాలంటే లైసెన్సు కావాలి. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడెవరి తుపాకీ మీదా ఆ తెలివి చూపించకండి.

ఇక విషయం. మీ ఇంట్లో ఉన్నది రెమింగ్టన్ 700. 1962 నుంచీ వస్తున్న రకం. కింద వేలు పెట్టే గార్డూ, దాని ముందు తెరుచుకునే మూతా కలిపి అక్కడ బాటమ్ మెటల్ అంటారు. ఆ మూత పైన చెక్క లోపల పల్చటి రేకు పెట్టె ఉంటుంది. బోల్ట్, అంటే తూటాను గొట్టంలోకి తోసి మూసే ఉక్కు కడ్డీని వెనక్కి లాగి, తూటాలు పైనుంచి ఒక్కొక్కటే నొక్కాలి. మీ నాన్న ఈ మూతనూ పెట్టెనూ తీసేసి, ఊడదీసి పెట్టుకునే మ్యాగజైన్‌కు, అంటే తూటాల పెట్టెకు సరిపడే చట్రం బిగిస్తున్నాడు.

ఊడివచ్చే మ్యాగజైన్ కొత్త ఊహేమీ కాదు. జేమ్స్ ప్యారిస్ లీ అనే ఆయన 1879లోనే అమెరికాలో దానికి పేటెంటు తీసుకున్నాడు. మన పోలీసుల భుజాన ఏళ్ల తరబడి వేలాడిన లీ-ఎన్‌ఫీల్డ్‌లో 'లీ' ఆయనే. దాని పది తూటాల పెట్టె ఊడివచ్చేదే, అయినా సిపాయిలు అయిదేసి తూటాల పట్టీలతో పైనుంచే నింపుకునేవారు. ఇప్పుడు ఎక్కువ చట్రాలు ఇంగ్లండులోని అక్యురసీ ఇంటర్నేషనల్ నమూనా మ్యాగజైన్‌కు తగ్గట్టు చేస్తున్నారు. ఆ సంస్థ పెట్టినవారిలో ఒకరైన మాల్కమ్ కూపర్ 1984లోనూ 1988లోనూ ఒలింపిక్స్‌లో రైఫిల్ స్వర్ణం గెలిచిన ఆటగాడు. గురి విలువ తెలిసినవాడు కాబట్టే అంత పట్టింపుగా చేశాడని నా నమ్మకం.

పనంతా ఎత్తులో ఉంది. మ్యాగజైన్ పైఅంచున తూటాను పట్టుకునే రెండు పెదవులుంటాయి. అవి బోల్ట్‌కు ఎంత దగ్గరగా నిలుస్తాయన్నదే లెక్క. కిందికి ఉంటే బోల్ట్ తూటా మీదుగా జారిపోతుంది, తూటా కదలదు. మరీ పైకి ఉంటే బోల్ట్ ఆ పెదవులను రాసుకుంటూ బరువుగా నడుస్తుంది. ఈ ఎత్తును నిర్ణయించేది మ్యాగజైన్ కాదు, చట్రం చెక్కలో ఎంత లోతున కూర్చుందన్నది. అందుకే చెక్క తీసే చేతికి తొందర పనికిరాదు.

మీ నాన్న చేస్తున్నది ఇది. చట్రం చెక్కకు ఆనే వైపున పల్చగా మసి పూస్తాడు. గాడిలో పెట్టి మెల్లగా తట్టి, తిన్నగా పైకి తీస్తాడు. చెక్క మీద ఎక్కడ నల్ల మచ్చ పడిందో అక్కడే ఎత్తుంది, అక్కడే ఉలి అంచుతో ఒక పొర గీకుతాడు. మళ్లీ మసి, మళ్లీ తట్టడం. వర్షాకాలంలో ఉబ్బిన తలుపును గుమ్మానికి సరిచేసే వడ్రంగి కూడా ఇంతే, పట్టిన చోటు వెతికి అక్కడే చిత్రిక పడతాడు. మొదట్లో మచ్చలు అంచుల్లోనే రెండు మూడు పడతాయి. గాడి నిండా సమంగా మసి అంటే దాకా పని అయినట్టు కాదు.

ఒక చోట మాత్రం ఉలి ఆపాలి. కొత్త మ్యాగజైన్ పాత పెట్టెకన్నా పొడవైతే ముందువైపు చెక్క తీయాల్సి వస్తుంది. అక్కడే, కాస్త ముందు, రీకాయిల్ లగ్ అనే ఇనుప మెట్టు ఆనుకునే గోడ ఉంది. పేల్చిన ప్రతిసారీ వెనక్కి తన్నే బలమంతా ఆ గోడే భరిస్తుంది. దాన్ని పల్చబరిస్తే స్టాక్, అంటే రైఫిల్ చెక్క పగులుతుంది. నన్నడిగితే, ఆ గోడ తగ్గించాల్సి వచ్చే చట్రాన్ని కొనకపోవడమే మంచిది.

వాల్‌నట్ చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కష్టపడి కుదిర్చిన ఎత్తు దాంతో మారుతుంది. అందుకే స్క్రూ రంధ్రాల్లో అల్యూమినియం గొట్టాలు దించుతారు. అప్పుడు చట్రానికీ పైన బోల్ట్ నడిచే ఉక్కు భాగానికీ మధ్య దూరం లోహమే పట్టి ఉంచుతుంది. అలాంటి స్టాక్‌లో స్క్రూను 65 ఇంచ్-పౌండ్ల దాకా బిగిస్తారు. వట్టి చెక్క అయితే అంత బిగించకూడదు, నలిగిపోతుంది.

స్క్రూ పొడవూ చూడాలి. చట్రం మందం మారితే పాత స్క్రూ పొడవు సరిపోదు. ముందు స్క్రూ కాస్త ఎక్కువైతే దాని కొన బోల్ట్ ముందున్న లగ్‌కు, అంటే పంటికి తగిలి బోల్ట్ పట్టేస్తుంది. స్క్రూ వదులు చేస్తే బోల్ట్ హాయిగా నడిచిందంటే కారణం దొరికినట్టే.

అన్నీ బిగించాక మీరు చేయగలిగే పరీక్ష ఒకటుంది, నాన్న ఒప్పుకుంటే. స్టాక్ ముందు కొసా బ్యారెలూ (తుపాకీ గొట్టం) కలిసే చోట వేలు ఆనించండి. నాన్న ముందు స్క్రూ మెల్లగా వదులు చేస్తాడు. వేలికింద బ్యారెల్ లేచినట్టు తెలిస్తే, బిగించినప్పుడు ఉక్కు వంగుతోందన్నమాట. అలా వంగినది గురి నిలబెట్టుకోదు. అప్పుడు ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి ఆ ఉక్కును కూర్చోబెడతారు. ఉక్కుకు ముందుగా మైనం పట్టించడం మరిచిపోతే మాత్రం రెండూ అతుక్కుపోయి ఊడిరావు.

గీకిన చెక్కకు నూనె పట్టించి ఆరనివ్వమని నాన్నకు గుర్తుచేయండి. నూనె పట్టించకుండా అలాగే వదిలేస్తే తేమ అక్కడినుంచే ఎక్కుతుంది.

చివరగా డమ్మీలతో మ్యాగజైన్ నిండా నింపి, బోల్ట్ మూసి ఉంచి లోపలికి తోయమనండి. అప్పుడు పట్టు పడకపోతే ఇంకా సరిచేయాల్సింది ఉందన్నమాట. తరువాత ఒక్కొక్కటీ ఎక్కిస్తుంటే మీరు పక్కన కూర్చుని, ఎన్నో తూటా ఆగిందో కాగితం మీద రాయండి. మొదటివే ఆగుతున్నాయా, చివరివా అన్నది ముఖ్యం. చివరివే ఆగుతుంటే నేను ముందు మ్యాగజైన్‌లో తూటాలను పైకి తోసే స్ప్రింగును అనుమానిస్తాను. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి.

ఉంటాను,
మీ తాతయ్య